వంటింటి మీద రాలిన వెలుగు

బు తుమీరా ఎన్నికల్లో నిలబడింది ఓడిపోవడానికే. ఆ సంగతి ఆమెకి తెలుసు, ఆమె మొగుడికి తెలుసు, పుచాంగ్‌సారి ఊళ్ళో పాలు తాగే పిల్లలకి తప్ప అందరికీ తెలుసు.

ఆమె మొగుడు పాక్ వాగిమన్ ఆ ఊరి లురా. ఊరికి పెద్ద అన్నమాట. అక్కడ గౌరవంగా ఆడవాళ్ళని బు అనీ, మగవాళ్ళని పాక్ అనీ పిలుస్తారు. ఆరేళ్ళు ఏలాడు, ఇంకో ఆరేళ్ళు ఏలాలని ఉంది. పోటీకి ఎవరూ రాలేదు. హాయే కదా అనుకుంటే, ఒక్కడే నిలబడితే ఎన్నిక చెల్లదని చట్టం. ఇలాంటి ఇరకాటంలో చుట్టుపక్కల ఊళ్ళ లురాలు ఏం చేస్తారో ఆయనా అదే చేశాడు. పెళ్ళాన్ని ఎదురు నిలబెట్టాడు.

"నువ్వేం చెయ్యక్కర్లేదు బూనె," అన్నాడు. పిల్లల తల్లిని అక్కడ మొగుళ్ళు అలాగే పిలుస్తారు. "ఆ రోజు మంచి రవిక తొడుక్కుని నా పక్క కుర్చీలో కూర్చో. అంతే."

"కూర్చుని?"

"ఓడిపో."

"దానికేం భాగ్యం పాక్నే. ఈ ఇంట్లో ఇరవై ఎనిమిదేళ్ళుగా చేస్తున్న పనేగా."

గుర్తులు కూడా ఆయనే ఏరాడు. తనకి వరి కంకి, ఆమెకి కర్రపెండలం దుంప. వరి కళ్ళ ముందుండగా పెండలం మీద ఎవడు వేలు పెడతాడన్నది ఆయన లెక్క.

తుమీరాకి మాత్రం కావలసింది ఒక్కటే. ఆయన గెలవాలి. పదవి మీద మోజు కాదు. పదవి లేని వాగిమన్‌ని ఆమె ఒకసారి చూసింది. అప్పట్లో ఆయన కాలవ నీళ్ళ పంపకం చూసేవాడు. ఆ పని ఇంకొకడికి ఇచ్చేసరికి, అరుగు మీద కుర్చీని గోడ వైపు తిప్పుకుని వానాకాలమంతా అలాగే కూర్చున్నాడు. పలకరిస్తే పలకడు. పెడితే సగం తిని పళ్ళెం తోసేస్తాడు. నడుముకి బెల్టు వదులైపోయి, లేచి నిలబడినప్పుడల్లా చేత్తో పట్టుకోవాల్సి వచ్చేది. ఆ మనిషి వీపు మళ్ళీ చూడాలని ఆమెకి లేదు.

ఎన్నిక వారంలోకి వచ్చింది. వీధి వైపు అరుగు మీద సాయంత్రమయ్యేసరికి మగవాళ్ళు చేరి, టీ తాగుతూ, లవంగాల సిగరెట్లు కాలుస్తూ, డామినోలు ఆడేవారు. ఆడవాళ్ళందరూ పెరట్లో. వండి పెట్టేదీ, కడిగేదీ వాళ్ళే. ఆడుతున్న మగవాళ్ళకి ఒక కన్ను ఆట మీదుంటే ఒక కన్ను ఆకాశం మీద. గెలిచేవాళ్ళ ఇంటి మీద ఎన్నికకి ముందు ఒక వెలుగుముద్ద రాలుతుంది కదా మరి. దాన్ని పులుంగ్ అంటారు. పోయినసారి పాక్ వాగిమన్ ఇంటి మీద రాలిందనే అందరూ చెబుతారు. చూశామన్నవాడు మాత్రం ఇంతవరకు దొరకలేదు.

ఆ రాత్రి ఇషా నమాజు అయిపోయింది. తుమీరా బావి దగ్గర బియ్యం కడుగుతోంది. పక్కింటి బు సరియెమ్ కొబ్బరి కోరుతోంది. సరియెమ్ చెయ్యి ఆగినా నోరు ఆగదు.

"అయితే తుమీరా, నువ్వు ఓడిపోయాక విందెవరిస్తారే? గెలిచిన ఆయనా, ఓడిన నువ్వా?"

"ఎవరిచ్చినా వండేది నేనేగా."

"ఓడిపోయినదానివి అలిగి పడుకోవచ్చు కదే!"

తుమీరా నవ్వబోయింది. ఇంతలో గిన్నెలో బియ్యం ఒక్కసారిగా ఆకుపచ్చగా మెరిశాయి. తన చేతులూ ఆకుపచ్చగా ఉన్నాయి. సరియెమ్ ముఖం కూడా. తలెత్తి చూసింది.

ఉత్తరాన కొండ వైపు నుంచి కొబ్బరికాయంత వెలుగుముద్ద వస్తోంది. రాలే చుక్కల్లాగా సర్రున జారిపోవడం లేదు. సంతకెళ్ళి సరుకులన్నీ కొనుక్కుని తీరిగ్గా ఇంటికి నడిచొచ్చే మనిషిలా వస్తోంది. నీలానికీ ఆకుపచ్చకీ నడుమ రంగు. వెనకాల నిప్పురవ్వల తోక. చప్పుడు లేదు. గూట్లో కోళ్ళు తెల్లారిందనుకుని ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికొచ్చాయి. సరిగ్గా ఇంటి ముందు భాగం కప్పు మీదికి వచ్చాక అది రెండు ముక్కలయింది. ముందు ముక్క తడి అగ్గిపుల్లలా చిటపటమని ఆరిపోయింది. వెనక ముక్క ఇంకా మండిపోతూ వంటింటి పెంకుల మీదుగా సాగి, వెదురుపొదల వెనక్కి దిగిపోయింది. కాసేపటికి ఎక్కడో దూరంగా, ఎవరో బియ్యం బస్తాలు దింపినట్టు దబ్బుమని మోత.

"అమ్మో, వేలు కోరేసుకున్నానే!" అని అరిచింది సరియెమ్.

అరుగు మీది మగవాళ్ళంతా డామినో బిళ్ళలు చేతుల్లో పట్టుకునే పెరట్లోకి పరిగెత్తుకొచ్చారు. అందరికంటే ముందు పరిజో. అతను లురా వెంట నీడలా తిరిగే మనిషి. ఆయన తుమ్మితే ఇతను మంచి శకునం అంటాడు.

"పడింది! పాక్ లురా ఇంటి మీద పడింది! పులుంగ్!"

పాక్ వాగిమన్ అందరి వెనకా వచ్చాడు. నల్ల టోపీ సర్దుకుని, ఇలాంటివి తనకి మామూలే అన్నట్టు ముఖం పెట్టాడు.

"ఇంటి మీద కాదు, వంటింటి మీద," అంది సరియెమ్ వేలు చీకుతూ.

"వంటిల్లు ఇంట్లోది కాదా?" అన్నాడు పరిజో.

"ఇల్లు నాది," అన్నాడు వాగిమన్ గంభీరంగా. "వంటిల్లు ఇంట్లోది."

"అలాగా! ఉప్పుడబ్బా ఎక్కడుందో చెప్పండి పాక్, ఒప్పుకుంటాం."

వాగిమన్ వంటింటి వైపు చూశాడు. కాస్త ఆలోచించాడు. ఆడవాళ్ళు పమిటలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"అది ఇక్కడ పడనే లేదు," అంది తుమీరా గాభరాగా. "వెదురుపొదలు దాటి దక్షిణపు కొండల మీదికి పోయింది. నా కళ్ళతో చూశాను. మోత కూడా అటు నుంచే వచ్చింది కదా!"

ఇలాంటి వాటిలో ఊళ్ళో ఆఖరి మాట కర్తో తాతది. ఆ సమయానికి తాత అరుగు మీద గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. లేపి, టీ ఇచ్చి, చుట్టూ కూర్చున్నారు.

"ఏ రంగురా?"

"నీలం తాతా." "కాదు, ఆకుపచ్చ."

"ఎరుపు కాదు కదా?"

"కాదు."

"అయితే చేతబడి కాదు. పులుంగే."

"రెండు ముక్కలైంది తాతా."

తాత గ్లాసు కింద పెట్టాడు. "నా ఎరుకలో ఎప్పుడూ రెండు కాలేదు." మళ్ళీ గ్లాసు తీసుకున్నాడు. "పోటీ చేసేవాళ్ళిద్దరూ ఒకే కప్పు కింద ఎప్పుడూ లేరులే. పాపం అదేం చేస్తుంది, పంచుకుంది. ముందు ముక్క వాగిమన్‌ది. వెనక ముక్క తుమీరాది."

"ముందుది ఏమయింది?" అన్నాడు అప్పుడే వచ్చిన ఎవరో.

"ఆరిపోయింది," అంది సరియెమ్, అడిగినవాడి నోరు ఇంకా మూతపడకుండానే.

"తాతా, అది నన్ను దాటి పోయింది. ఒట్టు!" అంది తుమీరా.

"ఎవరి మీద రాలుతుందో వాళ్ళకి అలాగే ఉంటుందమ్మా. దాటిపోయినట్టే కనబడుతుంది. మా తాత చెప్పాడు." దానితో ఆ ముచ్చట ముగిసింది. తాతకి తాత చెప్పిన మాటని కాదనడానికి ఊళ్ళో ఎవరికీ అంత వయసు లేదు.

తెల్లారి తుమీరా వంటింట్లోకి వెళ్ళేసరికి పొయ్యి పక్కన ముక్కాలిపీట మీద మొగుడు కూర్చుని ఉన్నాడు. నల్ల టోపీ, ఇస్త్రీ చొక్కా, కాళ్ళకి బూట్లు.

"ఆకలేస్తోందా?"

"లేదు. వెలుగు రాలిన చోట మూడు పూటలు కదలకుండా కూర్చుంటే ఒంట్లోకి దిగుతుందిట. పరిజో అన్నాడు."

"అది నా ముక్కాలిపీట పాక్నే."

"నీది ఓడిపోయే పోటీ బూనె. నీకెందుకు పీట?"

ఇంక అక్కడి నుంచి మొదలైంది. పోటీకి నిలబడిన మనిషిని ఎన్నికయ్యేదాకా ఒంటరిగా వదలకూడదన్నది రివాజు. కాబట్టి పరిజో వంటింట్లోకొచ్చాడు. పరిజో వెనక డామినోల జట్టు వచ్చింది. కట్టెల మోపుకీ ఉల్లిపాయల బుట్టకీ మధ్య చాప పరిచారు. కర్తో తాత బియ్యపు గాదెకి ఆనుకుని మళ్ళీ నిద్రపోయాడు. సోయా గింజల టెంపే ముక్కలు వేయించబోతే నూనె చిట్లి ఒకడి పందెం మీద పడింది. కొబ్బరిపాల కూర కలపబోతే గరిటె తిప్పడానికి చోటు లేదు.

"మా వల్ల కాదు," అని సరియెమ్ కొంగు బిగించింది. "పదండే!"

ఆడవాళ్ళు అన్నం దబరా, కత్తిపీటలు, కాయగూరలు అన్నీ మోసుకెళ్ళి వీధి వాకిట్లో ఇటుకలు పేర్చి పొయ్యిలు పెట్టారు. మగవాళ్ళు ఖాళీ చేసిన అరుగు మీద కూర్చుని చిక్కుళ్ళు తరిగారు. దాంతో లురాని చూడ్డానికని కొండ పక్క పేటల నుంచి వచ్చినవాళ్ళందరికీ మొదట కనబడింది తుమీరా.

"లురాగారేరీ?"

"వంటింట్లో ఉన్నారు."

వచ్చినవాళ్ళు లోపలికి తొంగి చూసేవారు. పొగలో బూట్లు కనబడేవి, దగ్గు వినబడేది. వెనక్కి వచ్చి అరుగు మీద చతికిలబడేవారు. టీ అడక్కుండానే వచ్చేది. కూతురి కాన్పు సంగతో, మేకపిల్ల పోయిన సంగతో చెప్పుకునేవారు. తుమీరా చిక్కుళ్ళు తరుగుతూ వినేది. విని ఏమీ చేసేది కాదు, వాళ్ళకేమో అదే కొత్తగా ఉండేది. ఇన్నాళ్ళూ ఆ అరుగు మీద వాళ్ళు నోరు తెరవకముందే జవాబు వచ్చేసేది మరి.

వెళ్ళేముందు ప్రతివాళ్ళ చేతులూ పట్టుకుని బతిమాలేది. "చూడండి, నాకు మాత్రం వెయ్యకండి. ఆయనకే వెయ్యండి. మీకు పుణ్యముంటుంది."

పై పేట నుంచి వచ్చిన ఒక ముసలమ్మ పక్కవాళ్ళ వైపు తిరిగి కళ్ళెగరేసింది. "విన్నారటే? ఎంత అణకువో! నిజంగా పులుంగ్ పడ్డవాళ్ళు ఇలాగే ఉంటారు. ఆయన చూడు, పోయినసారి నాకు వెయ్యండి, నాకు వెయ్యండి అని ఇంటింటికీ తిరిగాడు."

"అణకువా కాదు, ఏమీ కాదు. నాకు కోపం ఎక్కువమ్మా."

"ఊరన్నాక కాస్త కోపం ఉండాలి."

"మతిమరుపు కూడాను."

"మంచిదేగా. మా ఆయన పోయినేడు చేసిన గొడవ మర్చిపో."

"నేను కోప్పడితే పళ్ళేలు విసురుతాను!" అంది తుమీరా, జీవితంలో ఒక్క చెంచా అయినా విసరనిది.

ముసలమ్మ ఇంకా దగ్గరికి జరిగింది. "మీ ఆయన మీదేనా? శభాష్."

పొరుగూరి నుంచి కూరగాయలు తెచ్చే మనిషి ఆ మధ్యాహ్నం ఒక కబురు తెచ్చింది. "మా ఊళ్ళో అది మా బాడ్మింటన్ కోర్టులో పడిందంటున్నారు. చూడ్డానికని పోయినవాళ్ళు నెట్టు తొక్కి చింపేశారు."

తుమీరాకి ప్రాణం లేచొచ్చింది. "విన్నారా! అక్కడ పడింది! ఇక్కడ కాదు!"

"వాళ్ళ ఊళ్ళో ఎన్నికలే లేవు," అంది సరియెమ్. "అక్కడ పడి అదేం చేసుకుంటుందే, బాడ్మింటన్ ఆడుకుంటుందా?"

ఇక లాభం లేదని తుమీరా వంటింట్లోకి వెళ్ళింది. మొగుడి కళ్ళు పొగకి దానిమ్మ గింజల్లా ఉన్నాయి. ఒళ్ళో గిన్నె. పని లేక ఉల్లిపాయలు ఒలుస్తున్నాడు.

"పాక్నే, బయటికొచ్చి కూర్చోండి. నా మాట వినండి. జనమంతా నా దగ్గరికే వస్తున్నారు, నాకు భయంగా ఉంది."

"రానీ. నాకింకా పూర్తిగా దిగలేదు. ఇప్పుడిప్పుడే కాళ్ళ దగ్గర కాస్త వెచ్చగా తెలుస్తోంది."

"అది పొయ్యి."

"నీకు తెలీదులే బూనె," అన్నాడు ఆయన జాలిగా.

ఎన్నిక రోజు ఊరి సభామండపంలో వేదిక మీద రెండు కుర్చీలు వేశారు. ఒకదానికి వరి పనలు కట్టారు, రెండోదానికి ఆకులతో సహా పెండలం దుంపలు. మధ్యలో పూలతోరణం. అచ్చం పెళ్ళికొడుకు, పెళ్ళికూతురిలా కూర్చోబెట్టేసరికి కుర్రకారు ఈలలు వేశారు. "కట్నాలు చదివించమంటారా పాక్?" అని ఎవడో అరిచాడు. వాగిమన్ కొత్త కోటు వేసుకున్నాడు. కోటులోంచి కట్టెల పొగ వాసన, వేయించిన ఉల్లి వాసన కలిసి వేదికంతా కమ్ముకున్నాయి.

తుమీరా పొద్దున్నే తెర వెనకకి వెళ్ళి, ఓటు కాగితం మీది వరి కంకి బొమ్మని మేకుతో నడిబొడ్డున గట్టిగా పొడిచి వచ్చింది. ఒకటికి రెండుసార్లు చూసుకుంది కూడా.

సాయంత్రం లెక్క మొదలైంది. అధికారి ఒక్కొక్క కాగితాన్ని విప్పి, చిల్లులోంచి వెలుగు కనబడేలా పైకెత్తి, గుర్తు పేరు అరుస్తాడు. చెల్లిందని జనం కేకపెడతారు.

"వరి!"

తుమీరా ఊపిరి వదిలింది.

"వరి! పెండలం! వరి! పెండలం! పెండలం!"

వరి రావాలి, వరి రావాలి అని ఆమె లోపల అనుకుంటూనే ఉంది. పక్కన ఆయన నిటారుగా కూర్చున్నాడు, చూపు ఎక్కడో దూరాన. నడుము మీది బెల్టు వైపు ఆమె చూపు పోయింది. వరి మళ్ళీ పైకి వచ్చింది. హమ్మయ్య అనుకుంది. అంతలో వరసగా నాలుగు పెండలాలు వచ్చాయి. జనం ఈలలేశారు. అప్పుడు తుమీరా తన కాలి బొటనవేలు తాళం వేస్తోందని గమనించింది. సిగ్గేసింది. వేలిని చెప్పులో నొక్కిపట్టింది. అయిదో పెండలానికి అది మళ్ళీ ఆడింది.

ఆఖరి కాగితం కూడా పెండలమే. అప్పటికే దానితో పనిలేదు. పెండలం గెలిచేసింది.

చప్పట్లు మోగగానే వాగిమన్ అలవాటు కొద్దీ లేచాడు. చెయ్యెత్తాడు. "నన్ను నమ్మి..." అని మొదలుపెట్టి, ఆగి, మళ్ళీ కూర్చున్నాడు. తర్వాత లేచి, ఎవరి వైపూ చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. తుమీరా వెంటపడబోయింది. ఆడవాళ్ళు కదలనివ్వలేదు. పెండలం ఆకుల్తో సహా కుర్చీని ఎత్తి భుజాల మీద పెట్టుకున్నారు. పైన కూర్చుని ఆమె, "దింపండర్రా, ఆయన ఒక్కడే వెళ్ళాడు," అని ఏడుస్తోంటే, సంతోషం పట్టలేక ఏడుస్తోందనుకుని ఇంకాస్త పైకెత్తారు.

ఇంటి ముందు దించారు. తుమీరా ముందుగా అరుగు వైపు చూసింది. అనుకున్నంతా అయింది. కుర్చీ గోడ వైపు తిరిగి ఉంది. వీపు కనబడుతోంది.

జనం గప్‌చుప్‌గా వాకిట్లో చేరారు. మాజీ లురా వీపు ముందు ఎలా సంతోషించాలో ఎవరికీ తెలీడం లేదు. పరిజో పరిస్థితి మరీ దారుణం. ఎవరి వెంట నిలబడాలో తేల్చుకోలేక ఇద్దరికీ మధ్యలో, అరుగు మెట్టు మీద ఒంటికాలితో నిలబడ్డాడు.

"పాక్నే," అంది తుమీరా. "టీ తెమ్మంటారా?"

వీపు పలకలేదు.

కర్తో తాత గొంతు సవరించుకున్నాడు. "ఊరి విందు ఎప్పుడు పెడదామమ్మా? లురా చెప్పాలి కదా."

తుమీరాకి ఏం తోస్తుంది? మొగుడి వీపు మీంచి చూపు తీయకుండానే, "శుక్రవారం," అంది.

"శుక్రవారం సంత," అంది వీపు.

వాకిలంతా కదిలింది. ఆయన మెడ కాస్త పక్కకి తిరిగి ఉంది. తుమీరా చూసింది. గుండెల్లో ఏదో వెలిగింది గాని ముఖంలోకి రానివ్వలేదు.

"అయితే గురువారం," అంది అమాయకంగా.

"గురువారం గుడారాలవాళ్ళు పట్నంలో ఉంటారు. తెలుసుకుని మాట్లాడాలి." కుర్చీ కాళ్ళు కిర్రుమన్నాయి. చెవి, చెంప, సగం మీసం బయటపడ్డాయి.

"గుడారమెందుకులెండి, ఎండలోనే కూర్చోబెడదాం. కోడి కూడా వద్దు. నాలుగు టెంపే ముక్కలు, చారెడు అన్నం. చాల్లే."

సరియెమ్ నోరు తెరవబోతే తుమీరా ఆమె పాదం తొక్కింది.

కుర్చీ గిర్రున తిరిగింది. "కోడి లేకుండా విందా! ఈ ఊరి పరువు తీద్దామనే గెలిచావా? రాసుకోరా పరిజో! మొదటి రోజే మొదటి తప్పు!" ఆయన లేచి నిలబడ్డాడు. ముఖానికి రంగు వచ్చింది. "ఇన్నాళ్ళూ ఈ ఊళ్ళో లురాని అడిగే దిక్కు లేదు. ఇవాళ్టి నుంచి నేనున్నాను. ఒక్కటీ వదిలిపెట్టను!"

"అడగండి మరి," అంది తుమీరా, పళ్ళెంలో వేడిగా ఉడికించిన పెండలం ముక్కా బెల్లం కోరూ పెట్టి ఆయన చేతిలో ఉంచుతూ.

ఆయన ముక్క నోట్లో పెట్టుకున్నాడు. చూపుడువేలు వాకిట్లో జనం మీదుగా, వాగు వైపు చాపాడు.

"ఆ వెదురు వంతెన సంగతేమిటి? ఆడవాళ్ళు నెత్తిన తట్టలతో నడుస్తోంటే ఊగిపోతోంది. ఆరేళ్ళుగా ఒక్క మేకు కొట్టినవాడు లేడు. సిగ్గుండద్దా ఈ ఊరి లురాకి?"

"ఆ ఆరేళ్ళూ లురా ఎవరు పాక్?" అంది సరియెమ్.

"మాట మార్చకు!" అని గద్దించి, పాక్ వాగిమన్ ఇంకో ముక్క కోసం పళ్ళెం చాపాడు.